సరిహద్దు అవతల ఎవరున్నారో సభలో అడగండి: తెలుగు ఎంపీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి లోక్‌సభకు, రాజ్యసభకు వెళ్ళిన గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉభయ సభల్లో కలిపి మీరు 60 మంది. విభజన హామీల గురించి, పోలవరం గురించి, విశాఖ ఉక్కు గురించి, రైల్వే జోన్ గురించి మీరు అడుగుతూనే ఉన్నారు. అడగాలి కూడా. ఈ లేఖ మాత్రం మయన్మార్ గురించి. అది విదేశాంగ శాఖ చూసుకునే వ్యవహారం, ఈశాన్య రాష్ట్రాల ఎంపీలు మాట్లాడుకునే అంశం అని పక్కన పెట్టవద్దని మొదటే వేడుకుంటున్నాను. ఆ దేశంలో సాగుతున్న యుద్ధం మన ఇళ్ళలోకి వచ్చి చాలాకాలమైంది. వచ్చిన దారి వేరు కాబట్టి మనం దాన్ని యుద్ధంగా గుర్తించలేదు.

2025 మార్చిలో రెండు రోజుల వ్యవధిలో వైమానిక దళ విమానాలు థాయ్‌లాండ్‌లోని మే సోట్ పట్టణం నుంచి 549 మంది భారతీయులను తీసుకొచ్చాయి. మళ్ళీ నవంబరులో అదే చోటి నుంచి వందల మందిని తెచ్చారు. వారిలో తెలుగు రాష్ట్రాల యువకులు కూడా ఉన్నారు. మన పత్రికలు వాళ్ళను సైబర్ బానిసలు అన్నాయి. ఆ మాట సరైనదే. కానీ వార్త అక్కడితో ఆగిపోయింది. ఏజెంటు మోసం చేశాడు, కుర్రాడు చిక్కుకున్నాడు, ప్రభుత్వం విడిపించింది, కథ ముగిసింది. ఆ కుర్రాణ్ణి బంధించిన వాళ్ళు ఎవరు, వాళ్ళకు ఆ భూమి మీద ఆ అధికారం ఎలా వచ్చింది అన్నది ఎవరూ రాయలేదు, ఎవరూ అడగలేదు.

తిరిగొచ్చిన వారిలో ఒక యువకుడితో నేను మాట్లాడాను. మా జిల్లావాడే. ఊరు, పేరు రాయను. డిప్లొమా చదివాడు. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం అన్నారట. విమానాశ్రయంలో కారెక్కించి, మధ్యలో కారు మార్చి, రాత్రంతా ప్రయాణం చేయించి, తెల్లవారకముందే ఒక ఏటి ఒడ్డున దింపారు. ఏరంటే పెద్దదేమీ కాదు. అవతలి ఒడ్డున మనిషి దగ్గితే ఇవతలికి వినపడేంత వెడల్పు. చిన్న పడవలో దాటించి, పాస్‌పోర్టు, ఫోను తీసుకుని, ఎత్తయిన గోడల మధ్యకు తోలారు. లోపల నాలుగేసి అంతస్తుల భవనాలు, క్యాంటీను, కిరాణా దుకాణం. రాత్రంతా పని. ఆడపిల్ల ఫొటో పెట్టుకుని దేశదేశాల మగవాళ్ళతో కబుర్లు చెప్పి, వాళ్ళచేత దొంగ పెట్టుబడి యాప్‌లలో డబ్బు వేయించడం. లక్ష్యం చేరకపోతే ఎండలో నిలబెట్టేవారు, కొట్టేవారు. ఇంటికి పోతానంటే లక్షల్లో డబ్బు కట్టమనేవారు. మోసగించాల్సిన వాళ్ళ జాబితాలో తెలుగు పేరు వచ్చినప్పుడల్లా నోరు ఎండిపోయేదని చెప్పాడు. అంతా చెప్పి చివర్లో అన్నాడు: "మాస్టారూ, గేటు దగ్గర తుపాకులతో యూనిఫాంలో ఉన్నవాళ్ళని మొదట పోలీసులనుకున్నాను. మిలిటరీ అని తర్వాత ఎవరో చెప్పారు. ఏ మిలిటరీయో నాకిప్పటికీ తెలీదు."

ఏ మిలిటరీ? ఈ లేఖ రాయడానికి కారణం ఆ ప్రశ్నే. అతనికి తెలియకపోవడంలో తప్పు లేదు. మీకు తెలియాలి.

ఆ ఏరు మొయి నది. థాయ్‌లాండ్‌కూ, మయన్మార్‌లోని కరెన్ రాష్ట్రానికీ అదే సరిహద్దు. కరెన్ ప్రజల సంస్థ కేఎన్‌యూ 1949 జనవరిలోనే బర్మా ప్రభుత్వం మీద ఆయుధం పట్టింది. ప్రపంచంలో అతి దీర్ఘకాలంగా సాగుతున్న అంతర్యుద్ధాల్లో అదొకటి. 1994 చివర్లో ఆ సంస్థ చీలింది. నాయకత్వమంతా క్రైస్తవుల చేతిలో ఉందని అలిగిన బౌద్ధ సైనికులు విడిపోయి బర్మా సైన్యంతో చేతులు కలిపారు. మరుసటి నెలలోనే కేఎన్‌యూ కేంద్ర స్థావరం మానెర్‌ప్లా పడిపోయింది. 2010లో సైన్యం ఆ చీలిక వర్గాన్ని తన కింద సరిహద్దు కాపలా దళంగా మార్చుకుంది. అధికారికంగా పేరే బోర్డర్ గార్డ్ ఫోర్స్. సైన్యానికి విధేయంగా ఉండాలి, అందుకు ప్రతిగా ఆ ప్రాంతంలో తమ వ్యాపారాలు తాము చేసుకోవచ్చు అన్నది అసలు ఒప్పందం. ఆ దళానికి సా చిట్ తు అనే వ్యక్తి అధిపతి. కొంతకాలానికి నది ఒడ్డున ష్వే కొక్కో అనే జూద నగరం లేచింది. తర్వాత అలాంటిదే కేకే పార్క్ లేచింది. కోవిడ్ వచ్చి జూదరుల రాక ఆగిపోయింది. 2021లో సైనిక కుట్ర జరిగి చట్టం అన్నదే లేకుండా పోయింది. ఆ భవనాల్లోనే ఆన్‌లైన్ మోసాల కర్మాగారాలు నిండాయి. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది ఇలా నిర్బంధంలో ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో అంచనా కట్టింది.

అంటే మన పిల్లలు చిక్కుకున్నది ఏదో దొంగల గుహలో కాదు. తిరుగుబాటును అణచడానికి ఒక దేశపు సైన్యం పెంచి పోషించిన సరిహద్దు దళం నీడలో. సరిహద్దును కాయాల్సిన వాళ్ళే సరిహద్దును అద్దెకిచ్చారు. 2024 ఏప్రిల్‌లో కేఎన్‌యూ దళాలు మొయి నది ఒడ్డునే ఉన్న మయవాడీ పట్టణాన్ని సైన్యం నుంచి గుంజుకున్నాయి. రెండు వారాలు తిరక్కముందే అదే సా చిట్ తు దళం అండతో సైన్యం తిరిగి వచ్చింది. ఈ దళం అప్పటికి కరెన్ నేషనల్ ఆర్మీ అని పేరు మార్చుకుంది. 2025 ఫిబ్రవరిలో థాయ్‌లాండ్ తన వైపు నుంచి వెళ్ళే కరెంటు, ఇంటర్నెట్, ఇంధనం కట్ చేసింది. మేలో అమెరికా ఆ దళం మీద, దాని అధిపతి మీద ఆంక్షలు పెట్టింది. అక్టోబరులో మయన్మార్ సైన్యం కేకే పార్క్‌లోకి దిగి భవనాలు పేల్చుతున్నట్టు చూపించింది. పదిహేను వందల మందికి పైగా నది దాటి మే సోట్‌కు పరుగెత్తారు. అందులో వందల మంది మన దేశస్తులు. ఇన్నాళ్ళూ ఆ భవనాలు కనిపించని సైన్యానికి అవి సరిగ్గా తమ దేశపు ఎన్నికల ముందే ఎలా కనిపించాయో మన ప్రభుత్వం అడిగిందా అన్నది నాకు మీ ద్వారా తెలియాలి.

మయన్మార్ కథంతా ఇక్కడ చెప్పను. ఒక్క మాట చెప్పక తప్పదు. 1947 ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్ అనే చిన్న పట్టణంలో జనరల్ ఆంగ్ సాన్ షాన్, కచిన్, చిన్ నాయకులతో ఒప్పందం చేసుకున్నాడు. కొండ ప్రాంతాల పాలనలో స్వతంత్రత ఉంటుందని అందులో మాట ఇచ్చాడు. జూలైలో ఆయన్ను కాల్చి చంపారు. ఆ మాట నిలబడలేదు. 1962లో సైన్యం గద్దెనెక్కాక, మాట గుర్తుచేసిన వాళ్ళందరూ దేశద్రోహులయ్యారు. 2021 ఫిబ్రవరి 1న జనరల్ మిన్ ఆంగ్ హ్లైంగ్ ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోశాక కొత్తగా జరిగింది ఒకటుంది. అప్పటివరకూ కొండజాతుల పోరాటాన్ని దూరం నుంచి చూసిన మైదాన ప్రాంతపు బర్మన్ యువకులు కూడా తుపాకులు పట్టారు. అందుకే ఇప్పటి తిరుగుబాటు ఏదో ఒక జాతిది కాదు. సైన్యం దాన్ని భూమి మీద ఆపలేక ఆకాశం నుంచి కొడుతోంది. 2023 ఏప్రిల్ 11న సగైంగ్ ప్రాంతంలోని పాజీ జీ గ్రామంలో ప్రతిఘటన వర్గాల స్థానిక కార్యాలయం ప్రారంభానికి జనం చేరితే వారి మీద బాంబులు వేసింది. 160 మందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలున్నారు. సగైంగ్ అంటే మణిపూర్, నాగాలాండ్‌లను ఆనుకుని ఉన్న ప్రాంతం.

మన సరిహద్దు సంగతికి వస్తాను. మయన్మార్‌తో మనకు 1,643 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. అరుణాచల్‌లో 520, నాగాలాండ్‌లో 215, మణిపూర్‌లో 398, మిజోరంలో 510 కిలోమీటర్లు. ఆ గీత గీసినవాళ్ళు అక్కడ నివసించే వాళ్ళను అడగలేదు. నాగాలాండ్ మోన్ జిల్లాలోని లోంగ్వా గ్రామంలో కోన్యాక్ నాగా పెద్ద, వాళ్ళు అంగ్ అంటారు, ఆయన ఇంటి మధ్యలోంచి గీత పోతుంది. ఇల్లు సగం ఇండియా, సగం మయన్మార్. మిజోరంలో జొఖావ్‌థార్ దగ్గర సరిహద్దు తియావ్ నది. ఎండాకాలంలో మోకాలి లోతు నీళ్ళు. ఇవతల మిజోలు, అవతల చిన్‌లు. ఒకే జాతి, ఒకే చర్చి పాటలు, పెళ్ళి సంబంధాలు. అందుకే ఇరువైపులా 16 కిలోమీటర్ల వరకు వీసా లేకుండా తిరిగే సౌకర్యం ఉండేది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ దాన్ని రద్దు చేస్తామని ప్రకటించింది, మొత్తం సరిహద్దుకు కంచె వేస్తామంది. ఏడాది చివరికి పూర్తి రద్దు కాకుండా పది కిలోమీటర్లకు కుదించి, పాసు తప్పనిసరి చేసింది. మిజోరం, నాగాలాండ్ శాసనసభలు ఆ నిర్ణయాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానాలు చేశాయి. మణిపూర్ ప్రభుత్వం మాత్రం కంచె కావాలంది.

మణిపూర్ భయం ఉత్తిది కాదు. ఆ మాట గట్టిగా చెప్పాలి. 2015 జూన్‌లో చందేల్ జిల్లాలో 18 మంది జవాన్లను చంపిన దళాలు సరిహద్దు అవతలి స్థావరాల నుంచే వచ్చాయి. 2021 నవంబరులో చురాచాంద్‌పూర్ జిల్లాలో అస్సాం రైఫిల్స్ కమాండింగ్ ఆఫీసరును, ఆయన భార్యను, చిన్న కొడుకును, మరో నలుగురు జవాన్లను మాటువేసి చంపారు. ఆ ముఠాలకు సగైంగ్ అడవుల్లో నీడ ఉంది. మత్తుమందుల సంగతి ఇంకా పెద్దది. నల్లమందు సాగులో 2023లో అఫ్గానిస్తాన్‌ను దాటి మయన్మార్ ప్రపంచంలో మొదటి స్థానానికి చేరిందని ఐక్యరాజ్యసమితి సంస్థ తేల్చింది. 2024 నవంబరులో అండమాన్ సముద్రంలో మన తీర రక్షక దళం పట్టుకున్న ఒక్క మయన్మార్ పడవలో అయిదు వేల కిలోలకు పైగా మెథాంఫెటమిన్ ఉంది. అండమాన్‌లో ఎంతమంది మన శ్రీకాకుళం, విశాఖ జిల్లాల వాళ్ళు స్థిరపడ్డారో మీకు చెప్పనక్కర్లేదు. కాబట్టి సరిహద్దు భద్రత అక్కర్లేదని నేను అనడం లేదు. కంచెతో ఆ భద్రత వస్తుందా అన్నదే నా ప్రశ్న.

సరిహద్దుకు రెండు వైపులా మనుషులు కాయాలి. ఒకవైపే కాస్తే ఎంత ఇనుము వేసినా రంధ్రం పడుతుంది. 2019 ఆరంభంలో మన సైన్యం, మయన్మార్ సైన్యం కలిసి ఈశాన్య తిరుగుబాటుదారుల శిబిరాల మీద దాడులు చేసినప్పుడు అవతల కాసేవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు అక్కడ ఎవరున్నారు? 2023 నవంబరులో తియావ్ ఒడ్డున ఉన్న రిఖావ్‌దార్‌ను చిన్ దళాలు పట్టుకున్నాయి. ఓడిపోయిన మయన్మార్ సైనికులు నది దాటి మిజోరం పోలీసుల ముందు లొంగిపోయారు. వాళ్ళను మన ప్రభుత్వమే హెలికాప్టర్లలో మణిపూర్ సరిహద్దు పట్టణం మోరేకు చేర్చి వెనక్కి పంపింది. జనవరిలో ఇంకా ఎక్కువ మంది వచ్చారు. వాళ్ళను తీసుకుపోవడానికి వచ్చిన మయన్మార్ సైనిక విమానం 2024 జనవరి 23న ఐజ్వాల్ దగ్గరి లెంగ్‌పుయ్ విమానాశ్రయంలో రన్‌వే దాటి పడిపోయింది. మనం సరిహద్దు ఒప్పందాలు చేసుకున్న సైన్యం, తన సరిహద్దు చౌకీ వదిలి మన దగ్గరికే ఆశ్రయానికి వచ్చింది. ఈ ఒక్క సంగతి చాలు, మన విధానం ఎక్కడ ఆగిపోయిందో చెప్పడానికి.

కలాదాన్ ప్రాజెక్టు సంగతి కూడా అంతే. కోల్‌కతా నుంచి సముద్రంలో మయన్మార్‌లోని సిత్వే రేవుకు, అక్కడినుంచి నదిలో పలెత్వాకు, అక్కడినుంచి రోడ్డు మీద మిజోరంకు దారి వేస్తామని 2008లో ఒప్పందం చేసుకున్నాం. సిత్వే రేవులో మన డబ్బుతో కట్టిన టెర్మినల్ 2023 మేలో మొదలైంది. ఎనిమిది నెలల్లో పలెత్వా తిరుగుబాటు దళం అరాకాన్ ఆర్మీ చేతికి పోయింది. 2024 డిసెంబరుకల్లా పశ్చిమ సైనిక కమాండ్ ఉన్న ఆన్ పట్టణం, బంగ్లాదేశ్ సరిహద్దు మొత్తం వాళ్ళవే. సిత్వే ఉన్న రఖైన్ రాష్ట్రంలోని 17 టౌన్‌షిప్పుల్లో 14 వాళ్ళ ఏలుబడిలోకి వచ్చాయి. సిత్వే మాత్రం సైన్యం దగ్గర మిగిలింది, చుట్టూ ముట్టడి. మన రేవు ఒకరి దగ్గర, మన రోడ్డు ఇంకొకరి దగ్గర. ఈ పరిస్థితిలో ఎవరితో మాట్లాడాలి అన్నది సిద్ధాంత చర్చ కాదు.

మీలాంటి ఒక ఎంపీ దీనికి దారి చూపాడు. మిజోరం రాజ్యసభ సభ్యుడు కె. వన్లాల్వేనా 2024 ఫిబ్రవరిలో సరిహద్దు దాటి వెళ్ళి, కలాదాన్ పనుల పరిస్థితి చూసి, అరాకాన్ ఆర్మీ వాళ్ళతో మాట్లాడి వచ్చారు. అదే ఏడాది ఢిల్లీలో విదేశాంగ శాఖ నిధులతో నడిచే ప్రపంచ వ్యవహారాల మండలి మయన్మార్ ప్రతిఘటన వర్గాలను ఒక సదస్సుకు పిలిచినట్టు వార్తలు వచ్చాయి. అంటే తలుపు పూర్తిగా మూసి లేదు. కానీ ఇదంతా చాటుమాటుగా జరుగుతోంది. పార్లమెంటుకు లెక్క చెప్పకుండా జరుగుతోంది. చైనా ఏమీ దాచుకోవడం లేదు. 2023 అక్టోబరు 27న మూడు సాయుధ సంస్థలు కలిసి షాన్ రాష్ట్రంలో దాడి మొదలుపెట్టినప్పుడు, తన పౌరులను మోసగించే కోకాంగ్ ముఠాల పని పట్టడానికి అది అడ్డు చెప్పలేదు. తర్వాత ఆ దళాలు అదే రాష్ట్రంలోని లాషియో నగరాన్ని పట్టుకుంటే, సరిహద్దు గేట్లు మూసి, ఒత్తిడి తెచ్చి, 2025 ఏప్రిల్‌లో ఆ నగరాన్ని తిరిగి సైన్యానికి ఇప్పించింది. చైనా చేసినట్టు చేయమని నేను అడగను. అక్కడి ప్రజలను పావులుగా వాడే పద్ధతి అది. అందరితో మాట్లాడే దేశానికీ, ఒక్కరితోనే మాట్లాడే దేశానికీ ఉండే తేడా మాత్రం మీరు గమనించాలి.

అలాగని తిరుగుబాటు దళాలన్నీ కడిగిన ముత్యాలు కావు. అరాకాన్ ఆర్మీ తన చేతికొచ్చిన ప్రాంతాల్లో రోహింగ్యాల మీద చేసిన దారుణాల గురించి తీవ్రమైన ఆరోపణలున్నాయి. 2025 జూలైలో రెండు చిన్ దళాలు తమలో తాము కొట్టుకుంటే వేల మంది తియావ్ దాటి జొఖావ్‌థార్‌కు వచ్చారు. మణిపూర్ ముఠాలకు ఆశ్రయం ఇవ్వకూడదు, మత్తుమందుల దారులు మూయాలి, పౌరుల జోలికి పోకూడదు, మోసాల కేంద్రాలను నిలవనివ్వకూడదు అని షరతులు పెట్టి మాట్లాడాలి. అవసరానికి దొరికిన వాడి చేతికల్లా తుపాకీ ఇచ్చి సరిహద్దు అప్పగిస్తే ఏమవుతుందో మొయి నది ఒడ్డున చూశాం కదా.

శరణార్థుల దగ్గరికి వస్తే నా బాధ దాచుకోలేను. 2021 మార్చిలో కేంద్ర హోంశాఖ నాలుగు రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. మయన్మార్ నుంచి వచ్చేవాళ్ళను ఆపండి, రాష్ట్రాలకు ఎవరినీ శరణార్థులుగా గుర్తించే అధికారం లేదు అని. అప్పటి మిజోరం ముఖ్యమంత్రి జొరాంథాంగా ప్రధానికి తిరిగి ఉత్తరం రాశారు, ఇది మాకు సమ్మతం కాదని. మిజోరం ముప్పై వేల మందికి పైగా ఆశ్రయమిచ్చింది. ప్రభుత్వం కంటే ముందు చర్చిలు, యువజన సంఘాలు, ఊరి జనం బియ్యం, దుప్పట్లు పోగేశారు. ఎందుకంటే వాళ్ళకు 1966 గుర్తుంది. ఆ ఏడాది మార్చిలో ఐజ్వాల్ మీద మన వైమానిక దళమే బాంబులు వేసింది. అప్పుడు మిజోలు పారిపోయి తలదాచుకున్న చోట్లలో అవతలి చిన్ కొండలు కూడా ఉన్నాయి. కొడుకును సైన్యం నిర్బంధంగా లాక్కుపోతుందని ఊరు విడిచి వచ్చే తల్లిని చొరబాటుదారు అనడానికి నాకు మనసు రాదు. 2024 ఫిబ్రవరిలో సైనిక ప్రభుత్వం నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమలులోకి తెచ్చింది. 18 నుంచి 35 ఏళ్ళ మగవాళ్ళు, 18 నుంచి 27 ఏళ్ళ ఆడవాళ్ళు దాని కిందికి వస్తారు.

హైదరాబాద్ ఎంపీలకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. బాలాపూర్ చుట్టుపక్కల రేకుల షెడ్లలో ఉంటున్న రోహింగ్యాలు 2012, 2017 నాటి హింసాకాండ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు. వాళ్ళు ఎన్నికల సభల్లో తిట్టడానికి పనికొచ్చే పేరు మాత్రమే అయ్యారు. వాళ్ళలో నేరం చేసినవాడిని చట్టం పట్టుకోవాలి. కానీ వాళ్ళెవరు, ఎందరు, ఎవరు ఎప్పుడు తిరిగి వెళ్ళగలరు అన్నది తేల్చే చట్టమే మన దేశంలో లేదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకం చేయలేదు, సొంత చట్టమూ చేసుకోలేదు. నమోదు, గుర్తింపు, వేలిముద్రలు అన్నీ ఉన్న శరణార్థి భద్రతకు ముప్పా, లేక ఏ కాగితంలోనూ లేక చీకట్లో బతికేవాడు ముప్పా? హోంశాఖను ఇదే మాట అడగండి.

తెలుగువాళ్ళు ఈ మాట అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి మన కూలీలు రంగూన్ రేవుకు, వరి మిల్లులకు వెళ్ళారు. 1930 మేలో రంగూన్ రేవులో జీతం పెంచమని సమ్మె చేసిన తర్వాత జరిగిన అల్లర్లలో చచ్చినవాళ్ళు ఎక్కువమంది తెలుగు కూలీలే. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు అడవులు, కొండలు నడిచి ఇటు వచ్చారు. దారి పొడవునా శవాలు. వాళ్ళలో చాలామంది దాటింది ఇదే తము, మోరే దారి. 1964లో నె విన్ ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేశాక కట్టుబట్టలతో ఓడలెక్కి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేటకు ఆ పేరు ఊరికే రాలేదు. మా మేనత్త అత్తగారు ఆ ఓడల్లో వచ్చినామె. రంగూన్‌లో ఇంటి తాళంచెవిని చివరిదాకా పెట్టెలో దాచుకుంది. అప్పుడు వచ్చినవాళ్ళు భారతీయులు కాబట్టి హక్కు ఉంది, ఇప్పుడు వచ్చేవాళ్ళకు లేదు అనవచ్చు. చట్టం ప్రకారం ఆ మాట నిజం. ఒళ్ళో బిడ్డతో కొండ దిగే మనిషి కష్టంలో ఆ తేడా ఎక్కడుంటుంది?

మయన్మార్‌లో 2025 డిసెంబరు 28 నుంచి 2026 జనవరి వరకు మూడు విడతల్లో ఎన్నికలు జరిపారు. 2020లో గెలిచిన ఆంగ్ సాన్ సూచీ పార్టీని అప్పటికే రద్దు చేశారు. పోరు సాగుతున్న ఎన్నో టౌన్‌షిప్పుల్లో పోలింగే లేదు. సైన్యం వెనకుండి నడిపే పార్టీ గెలిచింది. ఆ ఎన్నికతో సరిహద్దు అవతల ఒక్క చౌకీ అయినా చేతులు మారలేదు. కాబట్టి ఇక ప్రజాప్రభుత్వం వచ్చింది, వాళ్ళతోనే పని అని మన ప్రభుత్వం సర్దుకుంటే దాన్ని మీరు ఒప్పుకోవద్దు.

మీరు ఏ పార్టీవారైనా సరే, సభలో అడగాల్సినవి ఇవి. 1,643 కిలోమీటర్ల సరిహద్దులో అవతలి వైపు ఏ భాగం ఇవాళ ఎవరి అధీనంలో ఉంది, వారితో మన ప్రభుత్వానికి మాటలున్నాయా లేవా అని విదేశాంగ మంత్రిని అడగండి. సరిహద్దు కాసే అస్సాం రైఫిల్స్ పరిపాలన హోంశాఖది, పోరు బాధ్యత సైన్యానిది. ఈ రెండు యజమానుల పద్ధతి మీద ఏళ్ళ తరబడి నలుగుతున్న నిర్ణయం ఎప్పుడు తీసుకుంటారని హోంమంత్రిని అడగండి. కంచెకు ఎంత ఖర్చు పెట్టారు, ఎన్ని కిలోమీటర్లు పూర్తయింది, పూర్తయిన మోరే దగ్గర మత్తుమందుల రవాణా నిజంగా తగ్గిందా అని లెక్క అడగండి. మిజోరం, మణిపూర్‌లలో తలదాచుకున్న వారికి తాత్కాలిక రక్షణ ఇచ్చే చట్టం తెస్తారా అని అడగండి. సైనిక ప్రభుత్వానికి మన ప్రభుత్వరంగ సంస్థల నుంచి ఆయుధ సామగ్రి ఏమైనా పోతోందా, పోతే అది పాజీ జీ లాంటి ఊళ్ళ మీదికి వాడడం లేదని హామీ ఏమిటని అడగండి.

ఇక మన ఇంటి సంగతి. మయవాడీకి పిల్లలు వెళ్ళేది మన ఊళ్ళ నుంచే. 1983 నాటి వలస చట్టం గల్ఫ్‌కు పోయే కూలీలను దృష్టిలో పెట్టుకుని చేసింది. పదో తరగతి పాసైన వాడి పాస్‌పోర్టుకు వలస అనుమతి అక్కర్లేదు. థాయ్‌లాండ్ వెళ్ళడానికి వీసా కూడా అక్కర్లేకుండా పోయింది. అంటే చదువుకున్న నిరుద్యోగి పర్యాటకుడిగా విమానమెక్కితే ఏ గుమాస్తా కంటికీ పడడు. ఏజెంట్లకు ఈ సందు బాగా తెలుసు. అందుకే ఇప్పుడు వాళ్ళు కూలీల వెంట పడటం లేదు, ఇంగ్లీషు టైపు చేయగల డిగ్రీ కుర్రాళ్ళ వెంట పడుతున్నారు. పాత చట్టం స్థానంలో కొత్త బిల్లు ముసాయిదాను విదేశాంగ శాఖ 2025లో బయటపెట్టింది. అది సభకు వచ్చినప్పుడు ఈ సందు మూసే సవరణ మీరు పెట్టాలి. తిరిగొచ్చిన వాళ్ళ విషయంలో కూడా ఒక స్పష్టత కావాలి. నేను కలిసిన యువకుడు ఇల్లు చేరాక పోలీసులు రెండుసార్లు పిలిచి, బాధితుడిగా కాక నిందితుడిగా ప్రశ్నించారని చెప్పాడు. బలవంతంగా చేయించిన నేరానికి బాధ్యత ఎవరిదో చట్టంలో రాయాలి. అలా రాస్తేనే వాళ్ళు నోరు విప్పి ఏజెంట్ల పేర్లు చెబుతారు. ఇప్పుడు భయపడి చెప్పడం లేదు.

వచ్చే సమావేశాల్లో కనీసం ఒక నక్షత్రపు గుర్తు ప్రశ్న (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సింది), వీలైతే మయన్మార్ పరిస్థితి మీద స్వల్పకాలిక చర్చకు ఉమ్మడి నోటీసు. రెండు రాష్ట్రాల, అన్ని పార్టీల సంతకాలతో వస్తే మరీ మంచిది. విదేశాంగ స్థాయీ సంఘంలో సభ్యులైన వారు మిజోరం, మణిపూర్ సరిహద్దుకు పర్యటన కోరండి. జొఖావ్‌థార్ వంతెన మీద నిలబడి అవతలి గేటు మీద ఏ జెండా ఉందో మీ కళ్ళతో చూడండి. ఏ సభ్యుడు ఏ ప్రశ్న వేశారు, మంత్రి ఏమి జవాబు చెప్పారు అన్నది ఉభయ సభల వెబ్‌సైట్లలో అందరికీ కనిపిస్తుంది. సమావేశాలు ముగిసిన వారంలో మేము అవి తీసి చదువుతాం. మీ పేర్లు అందులో ఉండాలని కోరుకుంటున్నాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఉత్తరాంధ్ర